నూనె పెట్టాక డ్రై లెన్సుకి తిప్పకండి

గుంటూరులో నలుగురం పంచుకునే కాన్‌ఫోకల్ మైక్రోస్కోప్ (లేజర్ కాంతితో పొరలు పొరలుగా బొమ్మ తీసేది) దగ్గర ఎక్కువగా చూసే పొరపాటు ఇది. 63 రెట్లు పెద్దగా చూపే 63 ఎక్స్ ఆయిల్ లెన్సుతో (స్లైడ్‌కీ లెన్సుకీ మధ్య నూనె చుక్క పెట్టి వాడేది) చూస్తూ, ఇంకో చోటు వెతకడానికని నూనె లేకుండా వాడే 40 ఎక్స్ డ్రై లెన్సుకి తిప్పేస్తారు. కవర్‌స్లిప్ (స్లైడ్‌లో నమూనా పైన కప్పే పల్చటి గాజు) మీద నూనె అలాగే ఉంటుంది, డ్రై లెన్సుకి అంటుకుంటుంది. తర్వాత వచ్చినవాళ్ళకి బొమ్మంతా మసక. పాపం, తప్పు స్టెయినింగ్‌దే (నమూనాకి రంగు వేయడం) అనుకుని మొదటి నుంచీ మళ్ళీ చేస్తారు. నాకూ ఒకసారి వారం రోజుల పని అలాగే పోయింది.

అందుకే ముందు తక్కువ మాగ్నిఫికేషన్‌లో కావలసిన చోట్లన్నీ చూసి, సాఫ్ట్‌వేర్‌లో పొజిషన్లు సేవ్ చేసుకోండి. నూనె చుక్క చివర్లోనే. పని అయ్యాక లెన్స్ పేపర్‌ని లెన్సుకి ఉన్న నూనె మీద పరిచి, నొక్కకుండా మెల్లగా లాగండి. మరక రానంతవరకూ కొత్త కాగితం మారుస్తూ ఉండండి. మామూలు టిష్యూ వద్దు, గీతలు పడతాయి.

మరొకటి: మన ఎండల్లో ఫ్రిజ్‌లోంచి తీసిన స్లైడ్‌కి వెంటనే చెమ్మ పడుతుంది, ఫోకస్ కూడా జారిపోతూ ఉంటుంది. స్లైడ్ పెట్టె మూత తీయకుండా ఓ పావుగంట గదిలో ఉంచి, అప్పుడు స్టేజ్ మీద పెట్టండి.