కొత్తగా గడ్డి విత్తిన లాన్‌లో కలుపు తీయడం ఎలా?

గడ్డి విత్తనం చల్లిన కొన్ని వారాలకు నేలంతా పచ్చబడుతుంది. వంగి చూస్తే అందులో చాలా మొక్కలు మనం చల్లినవి కావు. గుల్ల చేసి, రోజూ తడిపిన మట్టి కలుపు గింజలకూ నచ్చుతుంది మరి. అది చూడగానే కలుపు మందు కొట్టాలనిపిస్తుంది. ఆగండి. వేళ్లు సరిగ్గా పట్టని లేత గడ్డిని ఆ మందు కలుపుతో పాటే చంపేయవచ్చు. మొదటి రెండు నెలలు నీరు, కోత, చేతి పనితోనే చాలావరకు నెట్టుకురావచ్చు.

1. విత్తకముందే కలుపును మొలిపించండి

ఇంకా విత్తనం చల్లకపోతే మీకు మంచి అవకాశం ఉన్నట్టే. నేల చదును చేసి, ఏమీ విత్తకుండా రెండు మూడు వారాలు తడుపుతూ ఉండండి. పైపొరలోని కలుపు గింజలు మొలుస్తాయి. అవి రెండు మూడు ఆకులతో ఉన్నప్పుడే, ఎండ కాసే రోజు చూసి, బొరిగెతో పైపైన గీకేయండి. లోతుగా తవ్వితే అడుగున ఉన్న గింజలు పైకొచ్చి మళ్లీ మొలుస్తాయి. వీలైతే ఇంకో విడత ఇలాగే చేసి అప్పుడు విత్తండి. తుంగ ఉన్న నేలలో మాత్రం ఇది చాలదు. దాని గడ్డలను వెతికి తవ్వి తీయాల్సిందే.

మాగని పశువుల ఎరువు వేయకండి, దాంతో కలుపు గింజలు కూడా వస్తాయి. విత్తనంపై కప్పే ఎండుగడ్డిలో గింజలు లేకుండా చూసుకోండి. విత్తనం కొనేటప్పుడు కలుపు గింజల శాతం ఎంతో సంచి మీద చదవండి.

2. మొలిచాక తడి తీరు మార్చండి

మొలకెత్తే దాకా పైమట్టి ఆరకూడదు కాబట్టి కొద్దికొద్దిగా, తరచుగా నీళ్లు చల్లాలి. మొలక నిలదొక్కుకున్నాక మెల్లగా నీళ్లిచ్చే సార్లు తగ్గించి, ఇచ్చినప్పుడు లోతుగా ఇవ్వండి. గడ్డి వేళ్లు కిందికి దిగుతాయి. పైమట్టి ఆరుతుంటే కొత్త కలుపు మొలవడం తగ్గుతుంది.

3. కోత మొదలుపెట్టండి

గడ్డి పాడవుతుందేమోనని చాలామంది కోత వాయిదా వేస్తారు. నా లెక్కలో కొత్త లాన్‌కు ఇంతకంటే మంచి కలుపు మందు లేదు. గడ్డి ఎదిగే మొగ్గ నేలకు దగ్గరగా ఉంటుంది, పైన కోసినా మళ్లీ లేస్తుంది. నిటారుగా పెరిగే వెడల్పాకు కలుపు మొక్కలకు అది కొసన ఉంటుంది, అందుకే వరుస కోతలకు వాటిలో చాలా మొక్కలు తట్టుకోలేవు.

గడ్డిని 6 సెంటీమీటర్ల ఎత్తులో ఉంచాలనుకుంటే 9 సెంటీమీటర్లకు చేరినప్పుడు మొదటి కోత వేయండి. ఎప్పుడూ మూడో వంతుకు మించి కోయకండి. బ్లేడు పదునుగా, నేల పొడిగా ఉండాలి. లేకపోతే మొలకలు వేళ్లతో సహా లేచొస్తాయి.

4. మిగిలినవి చేత్తో

గంగవాయిలి లాగా నేలను అంటుకుని పాకేవి కోతకు దొరకవు. నీళ్లు పెట్టిన కాసేపటికి ఒక చేతి వేళ్లతో చుట్టూ ఉన్న గడ్డిని అదిమి పట్టి, రెండో చేత్తో కలుపును మొదట్లో పట్టుకుని మెల్లగా లాగండి. మట్టిపెళ్ల లేస్తున్నట్టుంటే లాగడం ఆపి, కత్తెరతో నేలమట్టానికి కత్తిరించండి. పీకిన గంగవాయిలిని అక్కడే పడేస్తే మళ్లీ వేళ్లూనుకుంటుంది. తుంగను కొత్త గడ్డలు ఊరకముందే, లేతగా ఉన్నప్పుడే తీయాలి. వయ్యారిభామ చర్మానికి పడదు, చేతి తొడుగులు లేకుండా ముట్టుకోవద్దు.

5. మందు తప్పదనుకుంటే

ముందు మీ గడ్డి రకం ఏమిటో తెలుసుకోండి. పెండిమిథాలిన్ లాంటి, మొలకెత్తక ముందు వాడే మందులు కలుపు గింజకూ గడ్డి గింజకూ తేడా చూడవు. వాటి జోలికి వెళ్లొద్దు. మెసోట్రయోన్‌కు మినహాయింపు ఉంది: టాల్ ఫెస్క్యూ, కెంటకీ బ్లూగ్రాస్ లాంటి చలి ప్రాంతపు గడ్డి విత్తేటప్పుడు దాన్ని వాడతారు. అదే మందు బెర్ముడా గడ్డిని, అంటే మన గరికను, దెబ్బతీస్తుంది.

వెడల్పాకు కలుపు మీద కొట్టే 2,4-డి, డైకాంబా లాంటివి కొత్త గడ్డిని కనీసం మూడు నాలుగు సార్లు కోసిన తర్వాతే. అప్పుడు కూడా లాన్ అంతటా కాకుండా కలుపు ఉన్న చోట మాత్రమే. ఎండ మండే వేళ, గాలి వీచేటప్పుడు కొడితే మందు పక్కనున్న టమాటా, గులాబీ మొక్కలకు చేరి ఆకులు మెలితిరుగుతాయి. దానికి వాడిన స్ప్రేయర్‌ను ఇంకే మొక్కలకూ వాడకండి. మందు పూర్తిగా ఆరే వరకు పిల్లలనూ పెంపుడు జంతువులనూ రానివ్వకండి. మోతాదు లేబుల్ మీద ఉన్నంతే, ‘ఇంకాస్త’ వద్దు.

ఎరువూ కలుపు మందూ కలిపి అమ్మే ప్యాకెట్లు ఈ దశలో వాడొద్దు. ఉప్పు, వెనిగర్ చిట్కాలూ అంతే. ఉప్పు మట్టిని పాడు చేస్తుంది, వెనిగర్ తగిలిన గడ్డిని కూడా మాడ్చేస్తుంది.

కలుపు పోయిన చోట ఖాళీలు మిగులుతాయి. చేత్తో తీసిన చోట వెంటనే మళ్లీ విత్తనం చల్లవచ్చు. మందు కొట్టిన చోట మాత్రం లేబుల్ చెప్పినన్ని రోజులు ఆగాకే.