బ్యాగు వేసుకుని పిల్ల వంగి నడుస్తోందా? ముందు బ్యాగుని కాటాకి తగిలించండి

జూన్‌లో బళ్లు తెరిచిన పది రోజులకే మా అమ్మాయి మెడ ముందుకు చాచి నడవడం మొదలుపెట్టింది. నాలుగో తరగతి, 26 కిలోల బరువు. విజయవాడ సత్యనారాయణపురంలో మా సందులోకి పాత పేపర్లు కొనడానికి వచ్చే అతన్ని ఆపి, చేతి కాటాకి బ్యాగు తగిలించమన్నాను. "ఐదుంబావు ఉందమ్మా. పేపర్ల రేటే కట్టమంటారా?" అన్నాడు. నాకు నవ్వు రాలేదు. అప్పటినుంచి ఒక్కొక్కటే సరిచేసుకుంటూ వచ్చాం.

ముందుకు వంగుతోంది, మెడ చాస్తోంది

కారణం: మోయలేనంత బరువు, లేదా బరువంతా వీపుకు దూరంగా ఉండడం. కేంద్రం 2020లో తెచ్చిన స్కూల్ బ్యాగ్ విధానం ప్రకారం బ్యాగు బరువు పిల్ల బరువులో పదో వంతు దాటకూడదు. ఒకటి, రెండు తరగతులకు 1.6 నుంచి 2.2 కిలోలు, మూడు నుంచి ఐదు దాకా 1.7 నుంచి 2.5, ఆరు, ఏడుకు 2 నుంచి 3. పదో తరగతి పిల్లాడికైనా నాలుగున్నరే. ఎల్‌కేజీ, యూకేజీ వాళ్లకు అసలు బ్యాగే వద్దంది. అంటే మా పిల్ల మోయాల్సిన దానికి రెట్టింపు మోస్తోంది.

పరిష్కారం: బ్యాగుని మంచం మీద బోర్లించండి. మాకు బయటపడినవి: లీటరు స్టీలు సీసా (నీళ్లతో కలిపి కిలో మూడొందల గ్రాములు), సగం సగం రాసిన రఫ్ నోట్సులు మూడు, ఆ రోజు లేని సబ్జెక్టుల పుస్తకాలు, పున్నమి ఘాట్‌లో ఏరుకొచ్చిన గులకరాళ్లు అరడజను. రాళ్లు ఎందుకే అంటే "ఫ్రెండ్‌కి చూపించాలి" అంది. చూపించి ఎన్ని రోజులైందో మరి.

టైమ్ టేబుల్ చూసి రాత్రే సర్దడం అలవాటు చేయండి. 200 పేజీల లాంగ్ నోట్సుల బదులు 100 పేజీలవి కొనండి. అట్టలు వేసే పని రెట్టింపవుతుంది, నిజమే. బడిలో మంచినీళ్లు బాగుంటే అర లీటరు సీసా ఇచ్చి, ఇంటర్వెల్‌లో నింపుకోమనండి. బాగోకపోతే మాత్రం నీళ్ల దగ్గర పొదుపు చేయకండి, మన బెజవాడ ఎండ సంగతి తెలిసిందే. ఇంకేదైనా తీసేయండి.

సర్దేటప్పుడు పెద్ద పుస్తకాలు వీపు వైపు, జామెట్రీ బాక్సు, చిన్నవి ముందు అరలో. చాలామంది క్యారియర్‌ని ముందు అరలో కుక్కుతారు. ఆ బరువు బ్యాగుని వెనక్కి లాగుతుంటే పిల్లలు పడిపోకుండా ముందుకు వంగుతారు.

బ్యాగు పిరుదుల మీద కొట్టుకుంటోంది

ఈ తప్పు పిల్లలది కాదు, మనది. బీసెంట్ రోడ్డులో బ్యాగు కొనేటప్పుడు "పెద్దది తీసుకోండమ్మా, రెండేళ్లు వస్తుంది" అంటే చాలు, మనం తలూపేస్తాం. చెప్పులు, యూనిఫాం పెద్దవి కొనే బుద్ధే ఇక్కడా. కానీ పెద్ద బ్యాగులో ఖాళీ కనిపిస్తే ఖాళీగా ఉండదు, ఏదో ఒకటి చేరుతుంది. బ్యాగు వెడల్పు పిల్ల వీపు వెడల్పును మించకూడదు. అడుగు భాగం నడుము దగ్గర ఆగాలి, మరీ అయితే నాలుగంగుళాలు కిందికి. పిల్లని కొట్టుకు తీసుకెళ్లి, రెండు పుస్తకాలు లోపల వేసి, భుజాలకి తగిలించి చూశాకే డబ్బులివ్వండి. ఉన్న బ్యాగే వేలాడుతుంటే పట్టీలు బిగించండి.

ఒక పక్కకి ఒరుగుతోంది

ఒక భుజానికే తగిలించుకుంటోందా, పట్టీలు రెండూ సమానంగా ఉన్నాయా, నీళ్ల సీసా ఉన్న పక్కకే ఒరుగుతోందా చూడండి. సీసాకు ఎదురు పక్క గొడుగో టిఫిన్ డబ్బానో పెడితే సరిపోతుంది.

భుజాల మీద ఎర్రటి చారలు

సన్న పట్టీల వల్ల. రెండంగుళాల వెడల్పైనా ఉండి, లోపల స్పాంజి ఉన్నవి కొనండి. చేతులు తిమ్మిరెక్కుతున్నాయన్నా, బ్యాగు దించాక కూడా వీపు నొప్పి తగ్గకపోయినా పట్టీలతో కుస్తీ పడకుండా డాక్టరుకి చూపించండి.

చక్రాల బ్యాగు కొంటే గొడవ వదిలిపోదా?

నేనూ అదే అనుకున్నాను. మా అమ్మాయి క్లాసు రెండో అంతస్తులో. మెట్ల దగ్గర దాన్ని ఎత్తాల్సిందే, బ్యాగు బరువుకి చక్రాల బరువు అదనం. మెట్లెక్కేటప్పుడు దెబ్బ తగలొచ్చని ఆ 2020 విధానం కూడా చక్రాల బ్యాగులు వద్దనే చెప్పింది.

ఆటోలో, స్కూటీ మీద

వేలాడే పట్టీ చివరలు చక్రంలో చిక్కుకునే ప్రమాదం ఉంది. మిగిలిన చివర చుట్టి రబ్బరు బ్యాండు వేయండి. స్కూటీ మీద వెనక కూర్చున్న పిల్ల వీపున బ్యాగు ఉంటే బరువు వెనక్కి గుంజుతుంది. ముందు కాళ్ల దగ్గర పెట్టుకోండి, హ్యాండిల్‌కి అడ్డం రాకుండా. పిల్ల పేరు, ఫోన్ నంబరు బ్యాగు లోపల రాయండి. పైన పెద్దక్షరాలతో రాస్తే దారిన పోయేవాడెవడైనా పేరు పెట్టి పిలవగలడు.

జిప్పు వేసినా వెనకే విడిపోతోంది

రన్నర్, అంటే జిప్పు మీద జరిపే ముక్క, వదులైంది. రెండు వైపులా కటింగ్ ప్లేయర్‌తో మెల్లగా నొక్కండి, పళ్లు మళ్లీ పట్టుకుంటాయి. గట్టిగా నొక్కితే రన్నర్ విరుగుతుంది. అప్పుడు బ్యాగులు కుట్టే అతని దగ్గర కొత్తది వేయించుకోవడమే. వారం తిరక్కుండా మళ్లీ విడిపోయిందంటే లోపల ఏదో ఎక్కువైంది. మా ఇంట్లో ఈసారి గులకరాళ్లు కాదు, లైబ్రరీ పుస్తకాలు నాలుగు.