మనవరాలి జిమ్నాస్టిక్స్ లెవెల్ అర్థం కావాలంటే

టెక్సాస్‌లో మా మనవరాలు ఈ ఏడు కూడా లెవెల్ 4 లోనే ఉందని చెప్పగానే ఎదురింటావిడ చేటలో బియ్యం చెరగడం ఆపేసి “ఏటి, గుంట పరీక్ష తప్పిపోనాదా?” అంది. బరంపురంలో మా ఒక్క వీధిలోనే పిల్లలు అమెరికాలో ఉన్న ఇళ్ళు ఐదారున్నాయి. అందరికీ ఇదే తికమక. ముప్పయ్యేళ్ళు పిల్లలకి సంగీతం చెప్పిన నాకే ఇది పట్టుబడటానికి రెండేళ్ళు పట్టింది. అందుకే రాస్తున్నాను.

ముందు బడి తరగతుల లెక్క మరిచిపోండి. మన దగ్గర స్కూల్ గేమ్స్ అంటే అండర్ 14, 17, 19. ఫెడరేషన్ పోటీలైతే సబ్ జూనియర్, జూనియర్, సీనియర్. అంతా వయసు ప్రకారం. అమెరికాలో అలా కాదు. 1 నుంచి 10 దాకా లెవెల్స్ ఉంటాయి. కనీస వయసు అని ఒకటి ఉన్నా, పుట్టినరోజు వచ్చిందని ఎవరినీ పైకి పంపరు. విద్య వస్తేనే పంపుతారు. పన్నెండేళ్ళ పిల్లా ఎనిమిదేళ్ళ పిల్లా ఒకే లెవెల్‌లో ఉండొచ్చు. బహుమతులకి మాత్రం ఆ లెవెల్ లోపల వయసుల వారీగా విడదీస్తారు. అందుకే “మూడో స్థానం వచ్చింది” అంటే ఏ గుంపులోనో కూడా అడగాలి.

1 నుంచి 5 వరకు కంపల్సరీ. అంటే మన సరళీ స్వరాలు, జంట స్వరాలు, అలంకారాలు. దేశమంతా అవే కదలికలు, అదే వరస. నేల మీద చేసే ఫ్లోర్‌కి సంగీతం కూడా అందరికీ ఒకటే. మొదటిసారి ఫోన్‌లో పోటీ చూసినప్పుడు నాలుగో పిల్ల వచ్చేసరికి ఆ బాణీ నాకు నోటికొచ్చేసింది. మా ఆయన దుప్పటి ముసుగు పెట్టేశారు. 6 నుంచి 10 వరకు ఆప్షనల్. ఎవరి వరస వాళ్ళదే, ఎవరి పాట వాళ్ళదే, మాటలు మాత్రం ఉండకూడదు. అలాగని ఇష్టమొచ్చినట్టు గంతులెయ్యడం కాదు. కల్పన స్వరం వేసినా రాగం దాటకూడదు గదా. ఏ లెవెల్‌లో ఏ రకం విన్యాసాలు తప్పనిసరో ముందే చెప్పేస్తారు.

ఆడపిల్లలకి వాల్ట్ (పరిగెత్తుకొచ్చి బల్ల మీంచి ఎగరడం), బార్స్ (అడ్డ కడ్డీల మీద ఊగడం), బీమ్ (సన్నటి దూలం మీద చెయ్యడం), ఫ్లోర్ అని నాలుగు అంశాలు. బీమ్ వెడల్పు 10 సెంటీమీటర్లు, నా అరచేతి అడ్డం కన్నా రవంత ఎక్కువ. ఒక్కోదానికి 10 మార్కులు, మొత్తం 40. మోకాలు వంగినా, కాలివేళ్ళు చాచకపోయినా అందులోంచి కొంచెం కొంచెం కోస్తారు. కింద పడితే ఒకేసారి అర మార్కు పోతుంది. లెవెల్ 10 లో ఇంకో మెలిక ఉంది. లెక్క 9.5 నుంచి మొదలవుతుంది, కష్టమైనవి చేసి చూపించి మిగతా అర సంపాదించుకోవాలి. కాబట్టి లెవెల్ 4 లో వచ్చిన 9.4నీ లెవెల్ 8 లో వచ్చిన 9.0నీ పక్కపక్కన పెట్టి చూడకండి. తేలికైన గీతం తప్పు లేకుండా పాడినమ్మాయినీ కష్టమైన వర్ణంలో ఒకచోట తడబడినమ్మాయినీ ఒకే తూకంలో వేస్తామా?

“మరి మన జిమ్నాస్ట్ దీపా కర్మాకర్‌కి రియో ఒలింపిక్స్‌లో 15.066 ఎలా వచ్చింది?” అని మా తమ్ముడు నిలదీశాడు. ఈ లెవెల్స్ దాటాక ఉండే ఎలీట్ వాళ్ళకీ, ఒలింపిక్స్‌కీ వేరే పద్ధతి. కష్టానికి ఒక మార్కు, చేసిన తీరుకి 10 కి ఇంకో మార్కు, రెండూ కలుపుతారు. అక్కడ పడితే ఏకంగా ఒక మార్కు పోతుంది. 2016లో ఆ అమ్మాయి రెండు వాల్టుల సగటు అది. పతకం 0.150 తేడాలో పోయింది. నాకిప్పటికీ మింగుడు పడదు.

ఎక్సెల్ అని ఇంకో దారి కూడా ఉంది. బ్రాంజ్, సిల్వర్, గోల్డ్ అంటూ వెళుతుంది. అవి పతకాల పేర్లు కావు, మెట్ల పేర్లు. మా వియ్యపురాలు “బ్రాంజ్” అని వినగానే స్వీట్లు పంచేసింది.

ఇక ఎదురింటావిడ ప్రశ్నకి వస్తాను. మా పిల్ల ఆగింది కిప్ దగ్గర. బార్ పట్టుకుని ముందుకి ఊగి, పాదాలు బార్ దాకా తెచ్చి, చేతులు వంగకుండా ఒక్క ఊపున పైకి లేవాలి. లెవెల్ 4 బార్స్‌లో మొదటి అడుగే అది. నెలల తరబడి రాని పిల్లలు ఎందరో. అది కుదరకుండా కోచ్ పైకి పంపితే పైన అన్నీ దాని మీదే కట్టాలి. శ్రుతి నిలవని పిల్లకి నేనూ వర్ణం మొదలుపెట్టలేదు. వాళ్ళమ్మలు నాతో ఎంత పోట్లాడినా సరే.

ఫోన్ చేసినప్పుడు “ఎన్నో లెవెల్?” అని కాకుండా “ఈ నెల కొత్తగా ఏం వచ్చింది?” అని అడగండి. మా పిల్ల ఆ మాటకి అరగంట చెప్తుంది. ఒక్కోసారి ఫోన్ గోడకి ఆనించి చేసి చూపిస్తుంది కూడా.

పోటీ మీరూ చూడాలంటే టైం సరిగ్గా లెక్క వేసుకోండి. చలికాలంలో టెక్సాస్ మధ్యాహ్నం రెండంటే మనకి అర్ధరాత్రి దాటి ఒంటిగంటన్నర. మార్చి రెండో ఆదివారం నుంచి వాళ్ళ గడియారం గంట ముందుకి జరుగుతుంది, అప్పుడు పన్నెండున్నరకే మొదలు. ఇది తెలియక నేను ఒకసారి ఒంటిగంటన్నరకి అలారం పెట్టుకుని లేచాను. అప్పటికే బీమ్ అయిపోయి, పిల్ల బెంచీ మీద కూర్చుని సాక్సులు వేసుకుంటోంది.