కండల ధ్యాసలో పడిన కొడుకుతో మాట్లాడడం ఎలా

ఇంటర్ దాటిన కుర్రాడు పొద్దున్నే లేచి జిమ్‌కు వెళ్తున్నాడంటే ఇంట్లోవాళ్లు సంతోషించవలసిందే. అయితే కండ ఎంత పెరిగిందో చూసి మురిసిపోయే ముందు, దాని కోసం అతడు ఏమేమి వదులుకుంటున్నాడో గమనించాలి. నూనె తగులుతుందని పెళ్లి భోజనాలకు రాకపోవడం, జ్వరం వచ్చినా భుజం పట్టేసినా వ్యాయామం మానలేకపోవడం, చక్కటి దేహం ఉండి కూడా బక్కగా ఉన్నానని వదులు చొక్కాల్లో దాక్కోవడం, గంటకోసారి అద్దం ముందు నిలబడడం వంటివి నెలల తరబడి సాగుతుంటే అది క్రమశిక్షణ హద్దు దాటినట్టే. వైద్యులు దీన్ని మజిల్ డిస్మార్ఫియా అంటారు. 2013లో వెలువడిన అమెరికా మానసిక వైద్యుల సంఘం రుగ్మతల గ్రంథం డీఎస్‌ఎం-5 దీన్ని దేహరూపం గురించిన మానసిక రుగ్మతలో ఒక రకంగా చేర్చింది.

మాట్లాడే ముందు ఇంట్లో వినబడే మాటలను సరిచేయాలి. మేనమామ సరదాకి అనే ‘ఏరా బక్కోడా’, అత్తయ్య అడిగే ‘తిండి పెట్టడం లేదా మీ అమ్మ’ వంటివి ఆడపిల్ల విషయంలో ఇప్పుడిప్పుడే తప్పుగా తోస్తున్నాయి గాని, మగపిల్లవాడికి ఏమీ అనిపించదని మనం ఇంకా నమ్ముతున్నాం. చుట్టాలతో ఆ సంగతి తండ్రే చెప్పడం మంచిది, ఎందుకంటే మగవాడి దేహం గురించి మగవాళ్లే ఎక్కువ వెక్కిరిస్తారు.

కొడుకుతో మాట్లాడేటప్పుడు ఒంటరిగా, నడుస్తూనో బండి మీద వెళ్తూనో మాట కలపాలి. ‘ఎందుకురా ఈ పిచ్చి’ అని మొదలుపెడితే సంభాషణ అక్కడితో ఆగిపోతుంది. ‘నిద్ర పడుతోందా నాన్నా, ఇప్పుడు ఎంత బరువు ఎత్తగలుగుతున్నావు’ అని అడిగితే మాట అద్దం మీద నుంచి శరీరం చేసే పని మీదికి మళ్లుతుంది. మన తాలింఖానాల్లో, అంటే పాతకాలపు వ్యాయామశాలల్లో, బలానికి కొలత అదే. ఉత్తరాంధ్రలోని వీరఘట్టంలో 1882లో పుట్టిన మల్లయోధుడు కోడి రామమూర్తి నాయుడుకు పేరు తెచ్చింది గొలుసులు తెంచి, ఛాతీ మీద ఏనుగును మోసిన బలమే గాని పొట్ట మీద లెక్కపెట్టగల గీతలు కావు. తెర మీద కనిపించే ఆ గీతల కోసం నటులు కొవ్వు బాగా తగ్గించుకుంటారని, చిత్రీకరణకు ముందు నీళ్లు కూడా తగ్గించేవారుంటారని, ఆపైన లైట్ల పనితనం తోడవుతుందని, ఏడాది పొడవునా ఆ రూపం నిలవదని అతడికి చెప్పాలి.

ఆహారం సంగతి తేలికే. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ లెక్క ప్రకారం పెద్దవారికి కిలో బరువుకు రోజుకు 0.83 గ్రాముల ప్రోటీన్ కావాలి, అంటే 60 కిలోల కుర్రాడికి సుమారు 50 గ్రాములు. బరువులు గట్టిగా ఎత్తేవారికి మరికొంత. గుడ్డులో దాదాపు 6 గ్రాములుంటుంది. పప్పు, పెరుగు, సెనగలు, చేప, చికెన్‌తో మిగతాది పూర్తవుతుంది. కండ కోసం ప్రోటీన్ పొడులు వాడవద్దని ఆ సంస్థ 2024 మార్గదర్శకాలు చెబుతున్నాయి. వాడి తీరతానంటే, డబ్బా మీద 14 అంకెల ఆహార భద్రతా సంస్థ (ఎఫ్ఎస్ఎస్ఏఐ) లైసెన్సు నంబరైనా సరిచూడమనాలి.

అసలు భయపడవలసింది సూదులకు. కండల కోసం తీసుకునే స్టెరాయిడ్లు శరీరం సొంతంగా తయారుచేసే పురుష హార్మోన్ టెస్టోస్టిరాన్‌ను అణచివేస్తాయి, వృషణాలు కుంచించుకుపోతాయి, వీర్యకణాలు తగ్గుతాయి, రొమ్ములు పెరగవచ్చు; మగతనం కోసమని తీసుకున్న మందు చేసే పని ఇది. శస్త్రచికిత్సల్లో పడిపోయిన రక్తపోటును నిలబెట్టే మెఫెంటెర్మిన్ కూడా కొన్ని జిమ్‌ల చుట్టూ చాటుగా చేతులు మారుతోంది, అది గుండెకు ప్రమాదం. ఇలాంటివి గదిలో దొరికితే కేకలు వేసి పారేసి ఊరుకోకూడదు. స్టెరాయిడ్లు ఒక్కసారిగా మానినప్పుడు కొందరు తీవ్రమైన దిగులులోకి జారుతారు కనుక, వెంటనే హార్మోన్ల వైద్యుడి (ఎండోక్రైనాలజిస్టు) దగ్గరికి తీసుకెళ్లి, ఏం వాడాడో దాచకుండా అతడి చేతే చెప్పించాలి.

మానసిక వైద్యుడనగానే బిగుసుకుపోతే, 24 గంటలూ ఉచితంగా పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416 ఇచ్చి, గదిలోంచి మీరు బయటికి వచ్చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.