శ్రావణంలో రెండో ఇల్లు రిజిస్ట్రేషన్ పెట్టుకున్నారా? అడ్వాన్స్ ఇవ్వకముందే ఇవి చూసుకోండి

ఆషాఢం వెళ్లగానే భీమవరం, తణుకు, అమలాపురం వైపు కొనుగోళ్లు ఊపందుకుంటాయి. సొంతిల్లు ఉండి ఇంకోటి కొనే భార్యాభర్తలకి ముఖ్యమైనవి ఇవే.

- అమ్మేవాళ్లు అమెరికాలోనో గల్ఫ్‌లోనో ఉంటున్నారా? మన జిల్లాల్లో ఇది మామూలే, అందుకే మొదట అడగండి. ఎన్నారై అయితే 1 శాతం టీడీఎస్ (వాళ్లకిచ్చే డబ్బులోంచి మీరు పట్టుకుని ప్రభుత్వానికి కట్టే పన్ను) చాలదు, చాలాకాలం కిందటి ఆస్తికైనా 12.5 శాతం, పైన సెస్సు ఉంటాయి. తక్కువ పట్టుకుని మిగతా డబ్బు వాళ్లకి ఇచ్చేస్తే ఆ తేడా కొన్న మీ మెడకే చుట్టుకుంటుంది. టీడీఎస్ తక్కువ కోయొచ్చని ఆదాయపన్ను శాఖ ఇచ్చే సర్టిఫికెట్ వాళ్లనే ముందు తెచ్చుకోమనండి.

- అమ్మేది ఇక్కడివాళ్లయితే, ధర 50 లక్షలు, అంతకన్నా ఎక్కువ ఉంటే టీడీఎస్ 1 శాతం. ఇద్దరి పేర్న కొంటున్నాం, చెరో 30 లక్షలే కదా అనుకోవద్దు. 2024 అక్టోబర్ నుంచి మొత్తం ధరే లెక్క. టీడీఎస్ మాత్రం ఎవరి వాటాకి వాళ్లు విడిగా కట్టాలి.

- డబ్బు భర్తది, దస్తావేజు భార్య పేర్న అయితే వచ్చే అద్దె భర్త ఆదాయంలోనే కలుస్తుంది. పేరు మారిస్తే పన్ను తగ్గదండీ.

- స్టాంపు డ్యూటీ 5, బదిలీ సుంకం 1.5, రిజిస్ట్రేషన్ 1, వెరసి 7.5 శాతం. మీ ధర, ప్రభుత్వ విలువల్లో ఏది ఎక్కువైతే దాని మీద.