రోహిణి కార్తె రాకముందే: చెమట, నీళ్లు, ఉప్పు

రోళ్లు పగిలే రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో మొదలవుతుంది. రెంటచింతల, రామగుండం ఎండల గురించి వేరే చెప్పక్కర్లేదు. పొలానికో, ఉపాధి పనికో వెళ్లక తప్పనివాళ్లు నీటి గుణం కాస్త తెలుసుకుంటే మంచిది.

నీటి అణువులు హైడ్రోజన్ బంధాలతో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. ఆ పట్టు విడిపించుకుని ఆవిరి కావడానికి బోలెడంత వేడి కావాలి. లీటరు చెమట ఒంటిమీద ఆరితే సుమారు 580 కిలోకేలరీల వేడి పోతుంది. ఆరితేనే సుమా! గడ్డం మీంచి బొట్లుబొట్లుగా కారిపోయిన చెమట ఒంటిని చల్లబరచదు. పైగా నీళ్లూ ఉప్పూ తీసుకుపోతుంది. విశాఖలోనో కాకినాడలోనో 36 డిగ్రీలే కదా అని ధీమాగా ఉండకూడదన్నది ఇందుకే. గాల్లో తేమ ఎక్కువైతే చెమట ఆరదు. ఉక్కపోత రోజున పని తెల్లవారుజామునే ముగించుకోండి. వదులుగా ఉండే నూలు బట్టలు వేసుకోండి, గాలి ఆడే నీడలో తరచుగా కూర్చోండి.

దాహం వేసేదాకా ఆగకుండా కొద్దికొద్దిగా తాగుతూ ఉండాలి. అలాగని గంటల తరబడి చెమటోడుస్తూ ఉత్త నీళ్లే బిందెలకొద్దీ తాగినా ముప్పే. రక్తంలో సోడియం (ఉప్పులో ఉండేదే) పలచబడితే నీళ్లు కణాల్లోకి చొరబడతాయి, మెదడు ఉబ్బుతుంది. తలనొప్పి, వాంతి, తికమక మొదలవుతాయి. ఇది చాలామందికి తెలియదు, అదే నా బెంగ. ఉప్పేసిన పలచటి మజ్జిగ మంచిది. గ్లూకోజు, ఉప్పు కలిసిన ఓఆర్ఎస్ పొడి నీళ్లలో కలుపుకుని తాగితే ఇంకా నయం. పేగుల్లో గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీళ్లూ వెళ్తాయి. లీటరు ప్యాకెట్‌ను సరిగ్గా లీటరు నీళ్లలోనే కలపాలి. చిక్కగా ఉంటే బాగా పనిచేస్తుందని గ్లాసులో కలిపి ఇస్తుంటారు. అలా చేస్తే ఒంట్లో నీళ్లే పేగుల్లోకి లాగేస్తుంది. కలిపింది 24 గంటలు దాటితే పారబోయండి. బీపీ, కిడ్నీ, గుండె జబ్బులున్నవాళ్లు ఉప్పు, నీళ్ల మోతాదు ముందే డాక్టర్ని అడగాలి.

ఎండలో ఉన్న మనిషి పొంతన లేకుండా మాట్లాడినా, తూలినా వెంటనే 108కి ఫోన్ చేయండి. నీడకు చేర్చి, ఒళ్లంతా తడిపి, ఆపకుండా విసరండి. స్పృహ లేకపోతే నోట్లో నీళ్లు పోయకండి.