గర్భసంచిలో అతుకులు: శుభ్రం చేయించుకునే ముందు, ఆ తర్వాత జాగ్రత్తలు

గర్భస్రావం తర్వాత గానీ, కాన్పులో మాయ ముక్క లోపలే ఉండిపోయినప్పుడు గానీ గర్భసంచిని శుభ్రం చేయవలసి రావచ్చు. ఎక్కువమందికి అది ఇబ్బంది లేకుండానే ముగుస్తుంది. అయితే నెలనెలా రాలిపోయే లోపలి పొర కింద, దాన్ని మళ్లీ పెంచే అడుగు పొర ఒకటి ఉంటుంది. పరికరం అక్కడిదాకా గీరితే, గాయం మానే క్రమంలో ఎదురెదురు గోడలు ఒకదానికొకటి అతుక్కుని మచ్చలా గట్టిపడతాయి. 1948లో జోసెఫ్ అషర్మన్ దీన్ని వివరంగా వర్ణించినందున అషర్మన్ సిండ్రోమ్ అంటున్నారు. కణుతులు తొలగించే శస్త్రచికిత్స వల్ల, జననాంగ క్షయ వల్ల కూడా ఇది రావచ్చు.

కాన్పయిన తొలి వారాల్లో గర్భసంచి మెత్తగా ఉంటుంది కనుక అప్పుడు గీరడం మరింత ప్రమాదకరం. ఒకసారి చేసినచోటే మళ్లీ చేసినా ముప్పు పెరుగుతుంది. అందువల్ల ఒప్పుకునే ముందు మందులతో గానీ కొంతకాలం వేచి చూడటంతో గానీ పని జరుగుతుందా, తప్పనిసరైతే గీరే పదునైన పరికరమైన క్యూరెట్‌కు బదులు సక్షన్ (పీల్చి తీసే పద్ధతి) వాడతారా, స్కానింగ్‌లో చూస్తూ చేస్తారా, మిగిలిన ముక్కను హిస్టెరోస్కోప్‌తో (గర్భసంచిలోకి పంపే సన్నని కెమెరా గొట్టంతో) చూసి తీయవచ్చా అని వైద్యురాలిని అడగడం మీ హక్కు. రక్తస్రావం ఆగకపోయినా, జ్వరంతో ఇన్‌ఫెక్షన్ సూచనలు కనిపించినా మాత్రం ఈ ప్రశ్నల కోసం చికిత్సను ఆలస్యం చేయకూడదు.

తర్వాత గమనించవలసింది నెలసరి. గర్భస్రావం తర్వాత అది సాధారణంగా నాలుగు నుంచి ఆరు వారాల్లో తిరిగి వస్తుంది. మునుపటికంటే బాగా తగ్గినా, అసలు రాకపోయినా, రక్తం కనిపించకుండా నెలనెలా నొప్పి మాత్రమే వస్తున్నా చూపించుకోవాలి. నొప్పి ఒక్కటే వస్తోందంటే పై భాగంలో రక్తం తయారవుతున్నా బయటికి దారి మూసుకుపోయి ఉండవచ్చు. ముందుగా గర్భం లేదని తేల్చుకోవాలి. పాలిచ్చే తల్లికి నెలసరి ఆలస్యం కావడం మామూలే. హార్మోన్ పరీక్షలన్నీ సరిగ్గా ఉన్నాయని ఊరడిల్లి నెలలు గడపడం, నా దృష్టిలో, ఇక్కడ తరచుగా జరిగే పొరపాటు: అండాశయాలు చక్కగా పనిచేస్తున్నా ఈ అతుకులు ఉండగలవు.

మామూలు స్కానింగ్‌లో ఇవి దొరకకపోవచ్చు. సెలైన్ ఎక్కించి చేసే స్కానింగ్, రంగు మందుతో తీసే హెచ్‌ఎస్‌జీ ఎక్స్‌రే అనుమానాన్ని బలపరుస్తాయి గానీ, హెచ్‌ఎస్‌జీలో గాలిబుడగ కూడా అతుకులాగే కనిపించవచ్చు. నమ్మకంగా తేల్చేది హిస్టెరోస్కోపీ. అతుకుల విస్తీర్ణాన్ని కంటితో చూడవచ్చు, చాలాసార్లు అప్పుడే సన్నని కత్తెరతో విడదీయవచ్చు కూడా. తీవ్రమైన అతుకులున్నచోట గోడకు రంధ్రం పడే ప్రమాదం ఉన్నందున, ఇలాంటి కేసులు తరచూ చేసే సర్జన్‌ను ఎంచుకోవడం మంచిది.

విడదీసినవి మళ్లీ అతుక్కోవడం అరుదేమీ కాదు. అందుకే గోడల మధ్య కొన్నాళ్లు బెలూన్ ఉంచడం, జెల్ వేయడం, పొర పెరగడానికి ఈస్ట్రోజెన్ ఇవ్వడం వంటివి చేస్తారు. కొన్ని వారాల తర్వాత మరోసారి హిస్టెరోస్కోపీ చేసి చూడటాన్ని, నెలసరి వచ్చేసింది కదా అని మానుకోవద్దు. గర్భం కోసం ప్రయత్నించడం ఆ పరీక్ష తర్వాతే మేలు. గర్భం నిలిచాక కూడా ఈ చరిత్రను మొదటి సందర్శనలోనే చెప్పాలి. మాయ గర్భసంచి గోడలోకి లోతుగా నాటుకునే అవకాశం వీరికి ఎక్కువ కాబట్టి, స్కానింగ్‌లో మాయ స్థితిని ప్రత్యేకంగా పరిశీలించమని అడిగి, రక్తం, శస్త్రచికిత్స సదుపాయం ఉన్న ఆసుపత్రిలోనే కాన్పుకు ఏర్పాటు చేసుకోవాలి.